బుడగలు వస్తే రసాయన మార్పేనా?

పదార్థాల్లో మార్పుల గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. విద్యార్థులతో పాటు ఉపాధ్యాయులు, ఇంట్లో పిల్లలకు పాఠం చెబుతున్న తల్లిదండ్రులు కూడా రాశారు. ఒకే తీరు ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం. మంట, ఆమ్లం, ఘాటైన వాయువు ఉన్న ప్రయోగాలను గాలి బాగా ఆడే చోట, రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, తెలిసిన పెద్దవాళ్లు పక్కన ఉండగానే చేయాలి.

ప్రశ్న: రంగు మారడం, వాయువు రావడం, అవక్షేపం ఏర్పడడం, వేడి పుట్టడం... ఇవి రసాయన మార్పుకు గుర్తులని చదువుకున్నాం. కానీ నీళ్లు మరిగినా బుడగలే, తినేసోడాలో వెనిగర్ పోసినా బుడగలే. మొదటిది భౌతిక మార్పు, రెండోది రసాయన మార్పు అంటారు. బుడగలు చూసి తేడా పట్టుకోవడం ఎలా? (పదో తరగతి విద్యార్థి)

జవాబు: బుడగలు చూసి పట్టుకోలేం. బుడగలో ఏముందో, అది అంతకుముందే అక్కడ ఉందో లేదో చూడాలి. ఆ గుర్తులన్నీ అనుమానించడానికి పనికొస్తాయి, రుజువు మాత్రం కావు. అసలు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మార్పు తర్వాత ఉన్నది పాత పదార్థమేనా, కొత్తదా?

నీళ్లు కాస్తున్నప్పుడు మరగడానికి చాలా ముందే గిన్నె గోడలకు సన్నటి బుడగలు అంటుకుంటాయి. నీటిలో కరిగి ఉన్న గాలి అది. నీరు వేడెక్కే కొద్దీ గాలిని తనలో ఉంచుకోలేదు కాబట్టి బయటికి వస్తుంది. మరిగేటప్పుడు అడుగు నుంచి లేచే పెద్ద బుడగల్లో ఉండేది నీటి ఆవిరి. చల్లటి గాజు పలకను పైన పట్టుకుంటే మళ్లీ నీటి బొట్లే. పదార్థం మారలేదు.

సోడా, వెనిగర్ కలిసినప్పుడు వచ్చే వాయువును గొట్టం ద్వారా సున్నపు తేటలోకి పంపండి. పాలలా తెల్లబడితే అది కార్బన్ డయాక్సైడ్. మండుతున్న పుల్లను దగ్గర పెట్టి, ఆరిపోయింది కాబట్టి కార్బన్ డయాక్సైడే అని రాసేవాళ్లు చాలామంది. నీటి ఆవిరిలో పెట్టినా పుల్ల ఆరిపోతుంది కనుక ఆ పరీక్ష చాలదు. సున్నపు తేటతోనూ రెండు జాగ్రత్తలున్నాయి. వాయువును ఎక్కువసేపు పంపితే, కరిగిపోయే కాల్షియం బైకార్బనేట్ ఏర్పడి తెలుపు మళ్లీ తేటపడుతుంది. ఆలస్యంగా చూసినవాళ్లు "తెల్లబడలేదు" అని రాసేస్తారు. మూత లేకుండా ఉంచిన పాత సున్నపు తేట మీద గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల ముందే తెల్లటి పొర కట్టి ఉంటుంది. అప్పుడే వడకట్టిన తేటనే వాడాలి.

మిగిలిన ద్రవాన్ని కూడా పరీక్షిస్తే రుజువు పూర్తవుతుంది. 4.2 గ్రాముల సోడాకు 5 శాతం వెనిగర్ 100 మి.లీ. పోస్తే ఆమ్లమే ఎక్కువవుతుంది, సోడా మొత్తం ఖర్చవుతుంది. బుడగలు ఆగాక 10 మి.లీ. తీసి సన్నటి వేడి మీద ఇగర్చండి. అడుగున మిగిలిన తెల్లటి ఉప్పు చూడటానికి సోడాలాగే ఉంటుంది. దాని మీద తాజా వెనిగర్ వేస్తే ఒక్క బుడగ కూడా రాదు. అది సోడియం అసిటేట్.

ఇక సోడా సీసా మూత తీసినప్పుడు పొంగే వాయువు కూడా సున్నపు తేటను తెల్లబరుస్తుంది. అంతమాత్రాన మూత తీయగానే ఆ వాయువు కొత్తగా పుట్టిందనుకోకూడదు. ఒత్తిడితో నీటిలో కరిగించి ఉంచిన కార్బన్ డయాక్సైడే ఒత్తిడి తగ్గాక బయటికి వస్తోంది. చాలా కొద్ది భాగం కార్బోనిక్ ఆమ్లంగా మారి ఉంటుంది కానీ, పొంగులో ఎక్కువ భాగం భౌతిక మార్పే.

ప్రశ్న: "వెనక్కి తేగలిగితే భౌతికం, తేలేకపోతే రసాయనం" అనే సూత్రం పిల్లలకు సులువుగా గుర్తుంటుంది. ఇది చెప్పవచ్చా? (ఒక ఉపాధ్యాయురాలు)

జవాబు: దయచేసి సూత్రంగా చెప్పకండి మేడమ్. రెండు వైపులా తప్పుతుంది. సుద్దముక్కను పొడి చేస్తే తిరిగి పాత ముక్క కాదు, కానీ పొడి కూడా సుద్దే. అది భౌతిక మార్పే. అటువైపు, రీచార్జ్ చేసే బ్యాటరీలో జరిగేవి నికరమైన రసాయన చర్యలు. చార్జింగ్ పెట్టిన ప్రతిసారీ అవి వెనక్కి తిరుగుతాయి.

తరగతిలో చూపడానికి మైలుతుత్తం అన్నిటికన్నా మంచిది. నీలి స్ఫటికాల్లో ఒక్కో కాపర్ సల్ఫేట్‌కు ఐదు నీటి అణువులు ఉంటాయి. నీలి రంగు రావడానికి కాపర్ అయాన్లకు, అంటే విద్యుదావేశం ఉన్న కాపర్ కణాలకు, బంధంతో అంటుకున్న నీరే కారణం. వేడి చేస్తే ఆ బంధాలు తెగి, నీరు పోయి, తెల్లటి పొడి మిగులుతుంది. నీరు వేస్తే మళ్లీ నీలం. బంధాలు తెగాయి, మళ్లీ ఏర్పడ్డాయి కాబట్టి ఇది రసాయన మార్పే. వెనక్కి వచ్చే మార్పు కూడా.

స్ఫటికాలను మెత్తగా నూరి, 5 గ్రాములు తూచి, పింగాణీ మూసలో పలచగా పరవండి. సన్నటి మంట మీద గాజు కడ్డీతో కలుపుతూ వేడి చేయండి. మొత్తం నీరు పోతే 3.2 గ్రాములు మిగలాలి, అంటే తగ్గుదల 1.8 గ్రాములు. తగ్గుదల అంతకంటే తక్కువ వస్తే లోపల ఇంకా నీరుందని అర్థం. ఐదింటిలో నాలుగు నీటి అణువులు తేలిగ్గానే పోతాయి, చివరిది పోవాలంటే 200 డిగ్రీల సెల్సియస్ దాటాలి. అందుకే వేడి చేయడం, చల్లార్చడం, తూచడం, మళ్లీ వేడి చేయడం... వరసగా రెండు తూకాలు సమానమయ్యే దాకా ఇదే పని. వేడి మూసను త్రాసు మీద పెట్టకండి. చుట్టూ గాలి పైకి లేచి తూకం తక్కువ చూపిస్తుంది. అలాగని బయట చల్లారబెట్టి మరిచిపోతే, ఆ తెల్లపొడి గాలిలోని తేమను పీల్చుకుని అంచుల్లో నీలి ఛాయ తేలుతుంది.

ఎక్కువమంది దగ్గర జరిగే పొరపాటు మంట పెంచేయడం. అడుగున పొడి నల్లబడిందంటే కాపర్ సల్ఫేట్ కూడా విడిపోయి కాపర్ ఆక్సైడ్ అయిందన్నమాట. ఘాటైన సల్ఫర్ ఆక్సైడ్ల వాయువూ వస్తుంది. ఆ నలుపు మీద ఎన్ని నీళ్లు పోసినా నీలం రాదు. పరీక్షనాళికలో చేసేటట్లయితే మూతి కాస్త కిందికి వంగేలా బిగించండి. లేకపోతే పైన చల్లబడిన నీరు వేడి అడుగు మీదికి జారి గాజు పగులుతుంది.

తెల్లపొడి పూర్తిగా చల్లారాక డ్రాపర్‌తో ఒక్కో చుక్క నీరు వేయండి. చుక్క పడినచోట నీలం పరుచుకుంటుంది, మూస గోడ వెచ్చగా తగులుతుంది. నీరు ఒక్కసారిగా పోస్తే చిమ్ముతుంది. మైలుతుత్తం విషం, చేపలకు మరీ ప్రమాదం. వాడాక సింకులో పారబోయకుండా నీరు ఇగర్చి దాచుకుంటే మళ్లీ అదే ప్రయోగానికి పనికొస్తుంది.

ప్రశ్న: నవాసాగరాన్ని, అంటే అమ్మోనియం క్లోరైడ్‌ను వేడి చేస్తే ద్రవం కాకుండా నేరుగా ఆవిరై పైన తెల్లగా పేరుకుంటుంది. ఇది ఉత్పతనం, కనుక భౌతిక మార్పు అని రాశాను. "రసాయన మార్పు" అని దిద్దారు. ఏది నిజం? (ఇంటర్ విద్యార్థి)

జవాబు: దిద్దినవారు చెప్పిందే నిజం. అయితే మీ పొరపాటుకు కారణం ఉంది. పాఠ్యపుస్తకాల్లో ఉత్పతనానికి ఉదాహరణగా ఏళ్ల తరబడి దీన్నే ఇస్తున్నారు, కంటికి కనిపించేది కూడా అదే. లోపల జరిగేది వేరు. సుమారు 340 డిగ్రీల దగ్గర అమ్మోనియం క్లోరైడ్ విడిపోయి అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ అనే రెండు వాయువులవుతుంది. నాళిక పైభాగం చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడికి చేరగానే రెండూ కలిసి మళ్లీ అమ్మోనియం క్లోరైడ్ అవుతాయి. వియోగం, ఆ వెంటనే సంయోగం. మొదలూ చివరా తెల్లపొడే కాబట్టి మధ్యలో ఏదీ మారలేదనిపిస్తుంది.

దీన్ని కళ్లతో చూడవచ్చు. పొడిగా ఉన్న పరీక్షనాళిక అడుగున ఒక గ్రాము నవాసాగరం వేయండి. దానికి మూడు, నాలుగు సెంటీమీటర్ల పైన గాజు ఉన్నిని వదులుగా అమర్చండి. మూతి దగ్గర తడిపిన ఎర్ర లిట్మస్ కాగితాన్ని పట్టకారుతో పట్టుకుని అడుగును నెమ్మదిగా వేడి చేయండి. కాసేపటికి ఎర్ర కాగితం నీలమవుతుంది. క్షారగుణం ఉన్న అమ్మోనియా ముందుగా చేరిందన్నమాట. వేడి చేస్తూనే ఉంటే అదే కాగితం తిరిగి ఎర్రబడుతుంది. వెనక వస్తున్న హైడ్రోజన్ క్లోరైడ్ పని అది. అమ్మోనియా అణుభారం 17, హైడ్రోజన్ క్లోరైడ్‌ది 36.5. తేలికైన వాయువు దాదాపు ఒకటిన్నర రెట్ల వేగంతో వ్యాపిస్తుంది కాబట్టి గాజు ఉన్నిలోంచి ముందు బయటపడుతుంది. పదార్థం విడిపోకుండా ఆవిరైతే ముందు నీలం, తర్వాత ఎరుపు అనే ఈ వరస వచ్చే అవకాశమే లేదు.

ప్రయోగం కుదరకపోతే మొదట గాజు ఉన్నిని చూడండి. మరీ పలచగా ఉంటే రెండు వాయువులూ కలిసే బయటికొచ్చి తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించదు. గట్టిగా కుక్కితే వాయువు ఆగిపోయి ఒత్తిడికి ఆ ఉన్నే ఎగిరిపడుతుంది. కాగితం తడిగా లేకపోతే రంగు మారదు, ఎందుకంటే వాయువు నీటిలో కరిగాకే ఆమ్ల, క్షార గుణం చూపుతుంది. తెల్లపొడి పేరుకుని నాళిక మూసుకుపోతున్నట్టు కనిపిస్తే వెంటనే మంట తీసేయండి.

నికరమైన ఉత్పతనానికి ఉదాహరణ కావాలంటే అయోడిన్, నాఫ్తలీన్, డ్రై ఐస్ రాయండి. అయోడిన్ ఊదారంగు ఆవిరిలో ఉండేవి ఘనంలో ఉన్న రెండు పరమాణువుల అణువులే. ఉప్పు, నవాసాగరం కలిసిన మిశ్రమాన్ని వేడి చేసి వేరుచేసే పద్ధతి మాత్రం యథాప్రకారం పనిచేస్తుంది. లోపల ఏం జరిగినా చివరికి పైన పేరుకునేది నవాసాగరమే కదా.

ప్రశ్న: మెగ్నీషియం కాలితే బరువు పెరుగుతుందన్నారు. మా తరగతిలో నాలుగు బృందాలకూ తగ్గింది. త్రాసు సరిగానే ఉంది. (తొమ్మిదో తరగతి విద్యార్థులు)

జవాబు: తీగను పట్టకారుతో పట్టుకుని బయటే కాల్చి ఉంటారు. తెల్లటి పొగలా గాలిలో కలిసిపోయింది కూడా మెగ్నీషియం ఆక్సైడే. తూచాల్సిన పదార్థంలో కొంత ఎగిరిపోయింది.

మూత ఉన్న మూసలో చేయండి. తీగ మీది మసక పొరను గరుకు కాగితంతో మెరుపు వచ్చేదాకా రుద్దండి, ఆ పొర ముందే ఆక్సైడ్. 0.50 గ్రాములు వదులుగా చుట్టి మూసలో పెట్టి, మూతతో సహా తూచి, అడుగు ఎర్రబడేలా వేడి చేయండి. మధ్యమధ్య పట్టకారుతో మూతను రవ్వంత ఎత్తి వెంటనే దించాలి. గాలి లోపలికి పోవాలి, పొగ బయటికి రాకూడదు. మెరుపు కనబడటం ఆగాక, చల్లార్చి తూచితే 0.83 గ్రాములు రావాలి. ఆక్సిజన్ కలిసి 24.3 వంతుల మెగ్నీషియం 40.3 వంతుల ఆక్సైడ్ అవుతుంది.

సాధారణంగా 0.80 దగ్గరే ఆగిపోతుంది. గాలి తక్కువగా అందినప్పుడు మెగ్నీషియం కొంత నైట్రోజన్‌తో కలిసి నైట్రైడ్ అవుతుంది, అందులో బరువు అంతగా పెరగదు. చల్లారిన బూడిద మీద నాలుగైదు చుక్కల నీరు వేసి మళ్లీ గట్టిగా వేడి చేస్తే నైట్రైడ్ అమ్మోనియాను వదిలి చివరికి ఆక్సైడ్ అవుతుంది. ఆ ఘాటు తెలుస్తుంది. మండుతున్న మెగ్నీషియం వెలుగును సూటిగా చూడవద్దు, కంటికి హాని.

సోడా, వెనిగర్ ప్రయోగంలో ఇదే లెక్క తిరగబడుతుంది. పైన చెప్పిన 4.2 గ్రాముల సోడా నుంచి 2.2 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ పోవాలి, త్రాసు మీద తగ్గేది మాత్రం కొంచెం తక్కువ. వాయువు కొంత ద్రవంలోనే కరిగి ఉంటుంది. గాలికంటే బరువైనది కాబట్టి కొంత బీకరులోనే నిలిచి ఉంటుంది. మూసిన సీసాలో చేస్తే తూకం మారదు కదా అని బిరడా బిగించకండి, సీసా పేలుతుంది. మూసిన పాత్రల్లో తూకాలు వేసి, చర్యకు ముందూ తర్వాతా ద్రవ్యరాశి ఒకటేనని నిలబెట్టిన లావోజియే తన రసాయన గ్రంథాన్ని 1789లో ప్రచురించాడు. ఆయన పాత్రలు అందుకు తగినట్టు తయారైనవి.

ఇంకొక మాట. తూకం మారినంత మాత్రాన రసాయన మార్పు కాదు. మూతలేని గిన్నెలో నీళ్లు ఇగిరినా తూకం తగ్గుతుంది.

ప్రశ్న: ఉప్పు నీటిలో కరగడం భౌతిక మార్పేనా? సోడియం, క్లోరిన్ విడిపోతాయి కదా? (ఒక తండ్రి)

జవాబు: విడిపోయేవి అయాన్లండీ. ఘన ఉప్పులో ఉన్నవీ అవే సోడియం, క్లోరైడ్ అయాన్లు. కరిగినప్పుడు నీటి అణువులు చుట్టూ చేరి వాటిని దూరం చేస్తాయంతే. 100 మి.లీ. నీటిలో 10 గ్రాములు కరిగించి ఇగర్చితే, చిమ్మకుండా చూసుకుంటే, 10 గ్రాములూ తిరిగి వస్తాయి. పరీక్షలో భౌతికమనే రాయించండి. హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు నీటిలో కరగడం వేరు. అందులో అణువులే తెగి కొత్తగా అయాన్లు పుడతాయి, కాబట్టి రసాయన మార్పు. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో జింక్ "కరిగింది" అంటాం. ఆ ద్రావణాన్ని ఇగర్చితే వచ్చేది జింక్ సల్ఫేట్, జింక్ కాదు. కరిగాక ఇగర్చి ఏం మిగిలిందో చూడటమే ఇక్కడ పరీక్ష.

చల్లబడడం, వేడెక్కడం కూడా ఇక్కడ తికమక పెడతాయి. అమ్మోనియం నైట్రేట్ కరిగితే గ్లాసు చల్లబడుతుంది, కాస్టిక్ సోడా కరిగితే వేడెక్కుతుంది. అంతెందుకు, నీరు గడ్డకట్టేటప్పుడు ఒక్కో గ్రాము 334 జౌళ్ల వేడిని వదులుతుంది. అది పూర్తిగా భౌతిక మార్పు.

ప్రశ్న: కొవ్వొత్తిలో రెండు మార్పులూ ఉంటాయంటారు. ఎక్కడ ఏది?

జవాబు: మైనం కరగడం, కరిగింది వత్తి పైకి పాకడం, అక్కడ ఆవిరి కావడం భౌతికం. ఆ ఆవిరి ఆక్సిజన్‌తో కలిసి మండడం రసాయనం. మండేది ఆవిరేనని చూడాలంటే గాలి తగలని గదిలో కొవ్వొత్తిని మెల్లగా ఆర్పండి. వత్తి నుంచి లేచే తెల్లటి చారకు, వత్తికి ఒకటి రెండు సెంటీమీటర్ల పైన, వెలిగించిన పుల్ల అందించండి. మంట ఆ చార వెంట కిందికి దూకి వత్తి అంటుకుంటుంది. ఆ తెలుపు చల్లబడిన మైనపు ఆవిరి. జ్వాల మీద పట్టిన చల్లటి గాజు పాత్ర లోపల పట్టే తేమ మాత్రం కొత్త పదార్థం, మైనంలోని హైడ్రోజన్ మండి ఏర్పడిన నీరు.

ప్రశ్న: ఇనుప రజను, గంధకం కలిపి వేడి చేస్తే ఐరన్ సల్ఫైడ్ వస్తుంది, దాన్ని అయస్కాంతం లాగదు అని చెప్పాను. పిల్లల ముందు పెడితే లాగింది. (ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: కలవకుండా మిగిలిపోయిన ఇనుము లాగించింది. తూకంలో 7 వంతుల ఇనుముకు 4 వంతుల గంధకం కావాలి. చెంచాలతో కొలిస్తే ఈ లెక్క కుదరదు, రెండింటి సాంద్రతలు వేరు. 2.8 గ్రాముల సన్నటి ఇనుప రజనుకు 1.6 గ్రాముల గంధకం లెక్క. కొంత గంధకం ఆవిరై పోతుంది కాబట్టి 1.8 దాకా తీసుకోవచ్చు. రజను ముతకగా ఉంటే పైపొర మాత్రమే చర్యలో పాల్గొని లోపల ఇనుము అలాగే ఉంటుంది. కల్వంలో వేసి రంగు అంతటా ఒకేలా బూడిద పసుపుగా కనిపించే వరకు కలపండి. వేడి చేయకముందు కాగితంలో చుట్టిన అయస్కాంతంతో ఇనుమును వేరుచేసి చూపండి. కాగితం లేకపోతే రజను అయస్కాంతాన్ని వదలదు.

నాళిక బయట, అంచున అంటిన గంధకాన్ని తుడిచి, మూతిలో ఖనిజ ఉన్నిని వదులుగా పెట్టాలి. గంధకపు ఆవిరి బయటికొచ్చి అంటుకోకుండా అది ఆపుతుంది. అడుగున ఎర్రటి కణకణ మొదలవగానే మంట తీసేయండి. కణకణ దానంతటదే మిశ్రమం మొత్తం పాకుతుంది. ఈ ప్రయోగంలో పిల్లలు తప్పక గమనించాల్సింది ఇదే, మంట తీసేశాక కూడా వేడి లోపలి నుంచే పుడుతోంది. ఎంత బాగా చేసినా అయస్కాంతం కొంచెం లాగవచ్చు. మొదటి మిశ్రమంతో పోల్చి చూపితే తేడా తెలిసిపోతుంది. ఆమ్లం వేసి చూపాలనుకుంటే వాయువులను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ ఉంటేనే, అదీ గింజంత ముక్కతో చేయండి. కుళ్లిన గుడ్డు వాసనతో వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు.

ప్రశ్న: గంధకం ఒక్కదాన్నే వేడి చేస్తే ముందు కరిగింది, తర్వాత ముదురు ఎరుపై జిగురుగా అయింది. కరగడమే కదా, రంగెందుకు మారింది?

జవాబు: 115 డిగ్రీల చుట్టుపక్కల పలచటి పసుపు ద్రవం అయ్యేదాకా కరగడమే. గంధకంలో ఎనిమిదేసి పరమాణువులు ఉంగరాలుగా ఉంటాయి, ఆ ద్రవంలోనూ అవే. 160 డిగ్రీలు దాటగానే ఉంగరాలు తెగి, ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి గొలుసులవుతాయి. గొలుసులు చిక్కుపడటంతో నాళిక వంచినా జారనంత చిక్కబడుతుంది. ఇంకా వేడెక్కితే గొలుసులు తెగి మళ్లీ పలచబడుతుంది. ఆ దశలో చల్లటి నీటిలో పోస్తే రబ్బరులా సాగే గంధకం వస్తుంది. కొన్ని రోజుల్లో అది పెళుసుబారి పసుపురంగుకు తిరుగుతుంది. బంధాలు తెగి కొత్తవి ఏర్పడ్డాయి కాబట్టి 160 దాటాక జరిగేదాన్ని రసాయన మార్పుగా చూడటమే సబబు, బయటి పదార్థమేదీ కలవకపోయినా సరే. వేడి చేసేటప్పుడు మంట నాళిక మూతి వైపు పోకూడదు. ఆవిరి అంటుకుని నీలి జ్వాలతో మండితే ఊపిరాడనివ్వని సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. తడిగుడ్డను మూతి మీద కప్పితే ఆరిపోతుంది.